దుకాణం వాళ్ళు

ఫొటోలో అందరూ పట్టలేదు. ఎవరో ఒకరు తగ్గాలి.

ఆదివారం నుంచి పిల్లల టెన్నిస్ పోటీలు. శుక్రవారం సాయంత్రానికే కోర్టుల్లో నీళ్ళు చల్లి రోలర్ తిప్పి సున్నంతో గీతలు గీశారు. బ్యానర్ కట్టారు. క్లబ్బు పెద్దలందరూ నెట్ ముందు వరసగా నిలబడ్డారు. నడిమధ్య పెద్దరోడ్డు మీద కొత్తగా స్పోర్ట్స్ షోరూము తెరిచిన పెద్దమనిషి, బ్యానర్ మీద ఉన్నది ఆయన పేరే. పక్కన ఆయన భుజం మీద చెయ్యి వేసి క్లబ్బు సెక్రటరీ. వరస చివర, ఎవరో రెక్క పట్టుకుని లాక్కొచ్చి నిలబెడితే నిలబడ్డ టెన్నిస్ దుకాణం పెద్దాయన, ఆయన పక్కన ఆయన కోడలు.

ఫొటోగ్రాఫరు అంపైరు కూర్చునే ఎత్తుకుర్చీ ఎక్కి కెమెరాలోంచి చూసి, "కొంచెం ఎక్కువయ్యారండీ," అన్నాడు.

సెక్రటరీ వరస పొడుగునా చూపు పోనిచ్చాడు. చూపు చివరిదాకా వెళ్ళి అక్కడ ఆగింది.

"దుకాణం వాళ్ళు కొంచెం పక్కకి జరగండి."

కసిరినట్టు కాదు. బల్ల మీద అడ్డంగా ఉన్న గ్లాసును జరిపినంత మామూలుగా అన్నాడు.

"అలాగే నాయనా, అలాగే," అంటూ పెద్దాయన జరిగాడు. ఎంత జరిగితే చాలో ఎవరూ చెప్పలేదు. జరిగి జరిగి నీళ్ళడ్రమ్ము దాకా వెళ్ళాడు. అక్కడినుంచి చూస్తే ఫొటోగ్రాఫరు ఎక్కిన కుర్చీ అటూ ఇటూ ఊగుతోంది. గబగబా వెళ్ళి దాని కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. వంగి, తల దించుకుని, ఫొటో తీయడం అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

కోడలు చూస్తూనే ఉంది. ఆ కుర్చీ ఆయన చేయించిందే. వాళ్ళు వీపు ఆనించి నవ్వుతున్న నెట్ ఆయన ఇచ్చిందే. నెట్ పైన తెల్లపట్టీని కిందటి వేసవిలో సూది విరగ్గొట్టుకుంటూ కుట్టింది తనే. ఆ సెక్రటరీకి చిన్నప్పుడు రాకెట్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. ఆమెకు చెంప మీద ఎవరో కొట్టినట్టు వేడెక్కింది. తనని కొట్టి ఉంటే అక్కడికక్కడే తేల్చుకునేది. కొట్టింది మామగారిని. ఆయనేమో దెబ్బ తగల్లేదన్నట్టు కుర్చీ కాలికి అంటిన మట్టి దులుపుతున్నాడు.

ఇంటికి నడుస్తుంటే ఆయనే మాట కలిపాడు. "సున్నం గీతలు ఈసారి చక్కగా పడ్డాయి కదూ?"

ఆమె నడక వేగం పెంచింది.

"ఆదివారం నేను రానులే అమ్మాయ్," అన్నాడు కాసేపటికి. "మోకాలు సలుపుతోంది. జనం ఎక్కువుంటారు."

పోటీలకు ఆయన రాకపోవడమంటే పెళ్ళికి పెళ్ళికొడుకు రాకపోవడమే. జ్వరంతో ఉన్నా దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చునే మనిషి. కోడలు చెప్పు కింద పడ్డ రాయిని కాలితో ఫెడీమని తన్నింది.

శనివారం దుకాణంలో ఊపిరి సలపలేదు. పోటీల ముందురోజు ఎప్పుడూ అంతే. ఒక గోడ నిండా రాకెట్లు, ఇంకో గోడకి కప్పు అంటేదాకా బూట్ల పెట్టెలు. నిచ్చెన మీద ఆడపడుచు. గల్లాపెట్టె దగ్గర భర్త. మూలన రాకెట్లకు తీగలు బిగించే గట్టింగ్ మిషన్ దగ్గర కోడలు. ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆమెకు టెన్నిస్ బంతికీ నిమ్మకాయకీ పెద్ద తేడా తెలియదు. మామగారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఇప్పుడు తీగ లాగి, క్లాంపు వేసి, వేలితో మీటి, చప్పుడును బట్టి బిగువు చెప్పేస్తుంది.

ఆ రోజు తీగలన్నీ ఆమె చేతికింద మూలుగుతున్నాయి.

"మెల్లిగా లాగవే. ఇక్కడ ఎవరి పీకా లేదు," అంది ఆడపడుచు. నిచ్చెన దిగొచ్చి, మిషన్‌కు బిగించి ఉన్న రాకెట్ చూసి గొంతు తగ్గించింది. "ఇది సెక్రటరీ కూతురిదే! దొరికిందిగా. ఓ రెండు తీగలు వదులుగా లాగెయ్యి. రేపు ఆ పిల్ల కొడితే బంతి గుమ్మడికాయలా దొర్లాలి."

"రాకెట్ ఏం చేసింది వదినా? ఆ పిల్ల ఏం చేసింది?"

"నువ్వు మరీ మంచిదానివే."

"మంచిదాన్ని కాను." కోడలు తీగ మీటింది. ఖణేల్‌మంది. "నాకు వాడు కావాలి. వాడి కూతురు కాదు. పదిమందిలో, తెల్లబట్టల్లో, ఆ షోరూమాయన పక్కన నిలబడ్డప్పుడే వాడు కావాలి."

ఆడపడుచు ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది.

"పక్కకి జరగమన్నాడుగా, జరుగుదాం," అంది కోడలు. "మనం జరిగితే మనతోపాటు ఏమేం జరుగుతాయో చూడనిద్దాం. నెట్లు, కుర్చీ, స్కోరు పెట్టే అంకెల పలకలు, గాలికి అడ్డంగా కట్టిన పచ్చతెరలు. అన్నీ మనవే కదా. తెచ్చేసుకుందాం."

ఆడపడుచు నిచ్చెన మెట్టు మీద కూలబడింది. "ఓసి నీ దుంపతెగ," అంది ఆనందంగా. "ఇంత విషం ఎక్కడ దాచుకున్నావే?"

గల్లాపెట్టె దగ్గరి మనిషికి మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పారు. ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చుండిపోయాడు. "నాన్నకు చెప్పావా?"

"చెబితే ఒప్పుకుంటారా? మీరు వ్యాను తీస్తారా, లేక నేను రిక్షా మాట్లాడుకోనా?"

"అది కాదు. పిల్లల పోటీలు..."

"మీ నాన్న కుర్చీ కాలు పట్టుకున్నారు. నేను చూశాను, మీరు చూడలేదు."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంటే ఒప్పుకున్నాడనే అర్థం.

ఆదివారం తెల్లవారుతుండగా వ్యాను కోర్టు గేటు దగ్గర ఆగింది. కోర్టుల కాపలాదారు పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఏంటి కోడలుగారూ, నెట్లు ఉతకడానికా?" అని అడిగాడు.

"ఆఁ, బాగా మాసిపోయాయి," అంది ఆమె.

ముందు నెట్‌ను నేలకు బిగించి ఉంచే నడిమి పట్టీ విప్పింది. స్తంభానికున్న హ్యాండిల్‌ను వెనక్కి తిప్పుతుంటే ఇనుపతీగ కిర్రుకిర్రుమంటూ వదులైంది. బిగిసి నిలబడ్డ నెట్ నడుం విరిగినట్టు కుంగి నేలమీద పడింది. ఆమెకు కడుపు చల్లబడింది. రాత్రంతా ఊహించుకున్నదానికన్నా బాగుంది. ఒక చివర భర్త, ఒక చివర తను పట్టుకుని చాపలా చుట్టారు. రెండో కోర్టులోనూ అంతే. తెరల తాళ్ళ ముళ్ళు మంచుకు బిగుసుకుపోతే పంటితో లాగి విప్పింది. అంకెల పలకలను ఆడపడుచు ఒళ్ళో పోసుకుని, "సున్నాలన్నీ వాడికి వదిలేద్దామా?" అంది.

ఎత్తుకుర్చీని వ్యానెక్కిస్తుండగా జనం రావడం మొదలైంది. రాకెట్లు తగిలించుకున్న పిల్లలు, నీళ్ళసీసాలతో తల్లులు. గేటు లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు. నెట్ లేని కోర్టు వట్టి మట్టినేల. సున్నం గీతలు ఎవరో పిచ్చిగీతలు గీసినట్టున్నాయి.

సెక్రటరీ కారు దిగాడు. ఆయన వెనక షోరూము యజమాని దిగాడు.

"ఏంటిది? ఏం జరుగుతోందిక్కడ?"

"మా సామాను మేం తీసుకెళ్తున్నాం సార్," అంది కోడలు.

"మీ సామానేంటి? ఇది క్లబ్బుది!"

ఆమె నెట్ చుట్ట మీద తెల్లపట్టీని కొంచెం విప్పి ఆయన మొహం ముందుకు ఎత్తింది. "ఈ కుట్టు నాది. ఇక్కడ దారం రంగు మారింది చూడండి, తెల్లది అయిపోతే గోధుమరంగుది వేశాను. మీ క్లబ్బులో ఎవరు కుట్టారో చెప్పండి, వాళ్ళకే ఇచ్చేసి వెళ్తాను."

సెక్రటరీ చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. చెవులదగ్గర ఎరుపు మొదలై మెడదాకా దిగింది. ఆ ఎరుపును కోడలు తాపీగా, మొదటినుంచి చివరిదాకా చూసింది.

"మీ షోరూములో నెట్లు ఉన్నాయా సార్?" అని రెండో ఆయన్ని మర్యాదగా అడిగింది.

"ఉండవండీ... ఆర్డరు పెడితే వారంలో..."

"వారంలో వస్తుందట," అని సెక్రటరీకి అందించింది.

"చూడండి, ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం," సెక్రటరీ గొంతు దించాడు. "పిల్లలు ఎదురుచూస్తున్నారు. నామాట వినండి."

వ్యాను ఇంజను మోగింది. కోడలు ఒక చెయ్యి పైకెత్తింది. "కొంచెం పక్కకి జరగండి సార్. బండి వెనక్కి రావాలి."

ఆయన జరిగాడు.

దుకాణానికి వచ్చాక ఆడపడుచు ఆ 'జరగడం' మూడు రకాలుగా చేసి చూపించింది. ఒకసారి పొట్ట లోపలికి లాక్కుని, ఒకసారి కళ్ళజోడు పట్టుకుని, ఒకసారి బూట్ల పెట్టెల మీద పడి. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. టీ గ్లాసు అందుకుంటూ కోడలు, "ఫొటోగ్రాఫరుని పిలవాల్సింది వదినా," అంది. భర్త నవ్వలేదు. నెట్లు వెనకగదిలో పేర్చి వచ్చి, బల్ల మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

అప్పుడు టైలరమ్మ వచ్చింది. సందు చివర బట్టలు కుట్టే మనిషి. ఆమె కూతురు ఈ ఏడే మొదటిసారి పోటీలకు పేరిచ్చింది. ఆ పిల్ల బయట మెట్ల దగ్గరే నిలబడింది. తల్లి లోపలికి వచ్చి, పూలగుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువును బల్ల మీద పెట్టింది.

"పెద్దాయన ఇచ్చిన రాకెట్టండీ. జాగ్రత్తగానే వాడింది. ఎక్కడా గీత పడలేదు, చూసుకోండి."

"ఇదెందుకు తెచ్చావు?" కోడలు ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"మీరిచ్చినవన్నీ వెనక్కి తీసుకుంటున్నారుగా. అడిగించుకోవడం దేనికని."

"అయ్యో, ఇది కాదు! అది వేరు. అది సెక్రటరీ మీద..." మాట తడబడింది. "ఇది నీ కూతురిది. ఇచ్చేశాంగా."

టైలరమ్మకు కోపం లేదు. నిజంగానే అర్థంకానట్టు చూసింది. "మరి ఆ నెట్ ఇవ్వలేదాండీ? అప్పిచ్చారా?"

కోడలు ఆ గుడ్డమూటను ఆమెవైపు తోసింది. అంతలోనే ఇంకొకాయన వచ్చాడు, రెండు జతల బూట్లు సంచిలో పెట్టుకుని. ఆయన వెనక అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క రాకెట్‌తో. కొందరు కళ్ళు కలపలేదు. ఒకామె మాత్రం, "అప్పుడే చెప్పాల్సిందండీ, వాడుకుని తిరిగివ్వాలని. మేం ఊరికే ఇచ్చారనుకుని అందరికీ చెప్పుకున్నాం," అని వెళ్ళింది. ఆడపడుచు ఒక్కొక్కరి వెనకా మెట్లదాకా పరుగెత్తి బతిమాలుతోంది. బల్ల నిండిపోతోంది.

సందడికి వెనక ఇంట్లోంచి పెద్దాయన వచ్చాడు. మోకాలికి తైలం రాసుకున్న వాసన ఆయనతోపాటే వచ్చింది. బల్లవైపు చూశాడు. వెనకగది తలుపులోంచి కనిపిస్తున్న నెట్ చుట్టలవైపు చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. స్టూలు లాక్కుని కూర్చుని, రాకెట్లను ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుని, తీగలను బొటనవేలితో సర్దడం మొదలుపెట్టాడు.

ఆయన తిడతాడేమోనని కోడలు కాసేపు ఎదురుచూసింది. తిడితే బాగుండేది.

"మీకు కోపం రాలేదా మామయ్యా?" అంది చివరికి తనే. "అంతమందిలో పక్కకి నెడితే, పోయి కుర్చీ కాలు పట్టుకున్నారు."

"ఎందుకు రాలేదూ?" ఆయన తలెత్తలేదు. "ఈ చేతులకు ఏదో ఒకటి దొరకాలి అమ్మాయ్ అప్పుడు. కుర్చీ కాలు దొరక్కపోతే వాడి మెడే దొరికేది."

తీగ సర్దిన రాకెట్‌ను పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు. అది కొంచెం బరువైనది. పిడికి కొత్త గ్రిప్పు చుట్టి ఉంది, ఎక్కడా ముడత లేకుండా.

"ఇదెవరు తెచ్చారు?"

ఎవరు తెచ్చారో ఎవరూ చూడలేదు. ఎవరిదో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. పాలవ్యాను డ్రైవరుది, పెద్దాయన ఇచ్చిందే. ఆ డ్రైవరు ఎడంచేత్తో ఆడతాడు కాబట్టి అందరూ పుర్రచేయి అంటారు. ఊళ్ళో వాడంత బాగా ఆడేవాడు లేడు. పాలు పోయడం అయ్యాక కోర్టుకు వచ్చి పిల్లలతో బంతులు కొట్టిస్తాడు. దుకాణంలో బల్ల ఇవతలకి దూరివచ్చి, "అక్కా, టీ ఏదీ?" అనేవాడు. రాకెట్‌ను శుభ్రంగా తుడిచి, తన డబ్బుతో కొత్త గ్రిప్పు వేయించి, చెప్పకుండా పెట్టి వెళ్ళిపోయాడు.

పెద్దాయన దాన్ని ఒళ్ళో చాలాసేపు ఉంచుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఇచ్చాననుకున్నాను," అన్నాడు తనలో తను.

కోడలు లేచి వ్యాను తాళాలు తీసుకుంది.

కోర్టు దగ్గర సగంమంది ఇంకా ఉన్నారు. ఎవరో రెండు స్తంభాలకూ తాడు కట్టి, తాడుకు తువ్వాళ్ళు ఆరేశారు. చిన్నపిల్లలు ఆ తువ్వాళ్ళ మీదుగా బంతులు వేసుకుంటున్నారు. కోడలు తాడు విప్పింది. నెట్ పరిచింది. ఒక చివర భర్త పట్టుకున్నాడు. రెండో చివర పట్టుకోవడానికి టైలరమ్మ తనంతట తనే వచ్చింది. ఆమె కూతురి రాకెట్ వ్యానులో ఉందని కోడలు చెబితే తల మాత్రం ఊపింది.

సెక్రటరీ దగ్గరికి వచ్చాడు. రంగు మళ్ళీ మామూలుకొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలా, "పోనీలెండమ్మా, ఆవేశంలో ఏదో చేశారు. మేం మనసులో పెట్టుకోం. క్లబ్బంటే ఒక కుటుంబం," అన్నాడు.

హ్యాండిల్ ఆమె చేతిలో ఉంది. తిప్పింది. తీగ బిగిసింది. ఇంకో చుట్టు తిప్పింది. ఒక్కో చుట్టుకీ వాడి మెడ తిప్పుతున్నట్టే ఉంది. క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. ఆయన మనసులో పెట్టుకోకపోయినా తను పెట్టుకుంటుంది, కడదాకా పెట్టుకుంటుంది. కానీ ఆయన ఇప్పుడు పెద్దమనిషి, తను దారికొచ్చిన మనిషి. అక్కడున్న వాళ్ళందరూ అలాగే చూస్తున్నారు. దానికి చెయ్యగలిగిందేమీ లేదు. నోరు తెరిస్తే నెట్ మళ్ళీ విప్పాల్సి వస్తుంది. అందుకని పళ్ళు బిగించి నడిమి పట్టీ కట్టింది, వంగి ఎత్తు సరిచూసింది. చూసి, సరైన ఎత్తుకి ఒక వేలంత దించింది.

పోటీలు ఆలస్యంగా మొదలయ్యాయి. టైలరమ్మ కూతురు మొదటి ఆటలోనే ఓడిపోయింది. సెక్రటరీ కూతురు గెలిచింది. ఆ పిల్ల ఆట అయ్యాక నేరుగా కోడలి దగ్గరికి వచ్చి, "గట్టింగ్ భలే ఉందాంటీ, బంతి దూసుకుపోయింది," అంది. కోడలు ఆ పిల్ల తల నిమిరింది. నిమరకుండా ఉండలేకపోయింది.

సాయంత్రం చీకటి పడేలోపు ఆడపడుచూ తనూ ఇల్లిల్లూ తిరిగారు. తలుపులు తట్టి, నవ్వుతూ, తమని తామే తిట్టుకుంటూ, ఎవరి రాకెట్లు, ఎవరి బూట్లు వాళ్ళ చేతుల్లో పెట్టి వచ్చారు. తీసుకున్నారు చాలామంది. పుర్రచేయి ఇంటికి తాళం వేసి ఉంది.

సోమవారం పాలు పోయడం అయ్యాక అతనే వచ్చాడు.

"నీకోసం నిన్న వచ్చాం," అంటూ కోడలు లేచి, ఆ బరువైన రాకెట్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగో, నీది. అలకలొద్దు. టీ పెడతా, లోపలికి రా."

అతను లోపలికి రాలేదు. కొనడానికి వచ్చినవాళ్ళు నిలబడేచోటే నిలబడ్డాడు.

"అది మీదండీ," అన్నాడు. ముఖంలో కోపం ఏమీ లేదు, అందుకే ఆమెకు భయం వేసింది. "ఒక రాకెట్ కావాలి. అదిగో, ఆ చివరిది చూపించండి."

చివరిది అన్నిటికన్నా చవకది. మొదటిసారి ఆడే పిల్లలకిచ్చేది. ఆమె తీసి ఇచ్చింది. అతను ఎడంచేత్తో ఒకసారి గాల్లో విసిరి చూశాడు.

"ఇది నీ ఆటకి ఆగదు," అంది ఆమె. "నీ దెబ్బకి నెల తిరక్కుండా విరుగుతుంది."

"విరిగితే ఇంకోటి కొనుక్కుంటానండీ. నాదే కదా."

ఆడపడుచు నిచ్చెన మీద కదలకుండా కూర్చుంది. ఈసారి ఆమె దగ్గర హాస్యం లేదు. కోడలు ఆ చవక రాకెట్‌కు ఉన్న తీగలు కోసేసి, దుకాణంలో ఉన్నవాటిల్లో మంచి తీగ తీసింది. అతను చూసి, "మామూలుదే వెయ్యండి," అన్నాడు. ఆమె మంచిది చుట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. మామూలు తీగనే రంధ్రాల్లోంచి ఒక్కొక్కటే పోనిచ్చి, లాగి, క్లాంపు వేసి, మీటి, సరిపోలేదనిపించి విప్పి మళ్ళీ లాగింది. అంత పొందికగా ఆమె ఎప్పుడూ ఎవరికీ గట్టింగ్ చెయ్యలేదు. అతను బల్ల అవతల, కోర్టు ఉన్నవైపు చూస్తూ నిలబడ్డాడు.

రాకెట్ అందుకుని డబ్బు బల్ల మీద పెట్టాడు. ఆమె చెయ్యి ముందుకు రాలేదు. వెనకగది తలుపు దగ్గర మామగారు నిలబడి ఉన్నాడు.

"తీసుకో అమ్మాయ్," అన్నాడాయన మెల్లిగా. "ఇవ్వనీ అతన్ని."

తీసుకుంది. గల్లాపెట్టెలో వేసింది. పుర్రచేయి కొత్త రాకెట్ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే కోడలు, "థాంక్సండీ," అంది.

కొనుక్కున్నవాళ్ళకు అలాగే చెబుతారు.